రేఖాఖండ దత్తాంశ చిత్రణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– ప్రాదేశిక రేఖాఖండ దత్తాంశాన్ని సాఫ్ట్‌వేర్ ఎట్లా నమోదు చేసుకుంటుందో, ఎట్లా గీస్తుందో వివరించగలుగుతారు.
– అటువంటి పటాన్ని చూసి తొందరపడి చేసే తప్పు నిర్ణయాలను గుర్తించగలుగుతారు.
– పటం లేవనెత్తిన ప్రశ్నకు సమాధానం చెప్పగల చిత్రాన్ని ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

బిందువుల రూపంలో ఉండే ప్రాదేశిక దత్తాంశం గురించి ఇంతకు ముందు చదివారు. బావి, చెట్టు, ప్రమాదం జరిగిన స్థలం వంటి వాటిని గుర్తించడానికి రెండు నిరూపకాలు చాలు. రోడ్డు, కాలువ, రాతిలోని పగులు అట్లా కాదు. వాటికి పొడవు ఉంటుంది, దిశ ఉంటుంది. అందుకని వాటిని తిన్నని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ రెండు కొసల నిరూపకాలను, అంటే నాలుగు సంఖ్యలను నమోదు చేస్తారు. ఇట్లా తయారైన పట్టికే రేఖాఖండ దత్తాంశం.

ఈ పట్టికను పటంగా మార్చడం సాఫ్ట్‌వేర్‌కు చాలా తేలిక. 'ఆర్' సాఫ్ట్‌వేర్‌లో 'సెగ్మెంట్స్' అనే ఆదేశానికి ఆ నాలుగు వరుసల సంఖ్యలు ఇస్తే గీతలు పడతాయి. ఏడ్రియన్ బాడ్లీ, రోల్ఫ్ టర్నర్ రూపొందించిన 'స్పాట్‌స్టాట్' ప్యాకేజీ ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులో 'పీఎస్‌పీ' అనే వస్తువు రేఖాఖండాలతో పాటు వాటిని పరిశీలించిన ప్రాంతపు సరిహద్దును కూడా దాచుకుంటుంది. ఈ సరిహద్దును 'కిటికీ' అందాం.

ఆదేశాలు నేర్చుకోవడానికి ఒక పూట చాలు. గీసిన పటాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియడానికి మాత్రం అభ్యాసం కావాలి. అందుకోసం ఈ ప్యాకేజీతో పాటే వచ్చే ఒక ప్రసిద్ధ దత్తాంశాన్ని తీసుకొని, దాని పటంలోని మంచిచెడ్డలను పరిశీలిద్దాం.

2. దత్తాంశం: క్వీన్స్‌లాండ్ రాగి నిక్షేపాలు

ఆస్ట్రేలియాలోని మధ్య క్వీన్స్‌లాండ్‌లో 70 కి.మీ. వెడల్పు, 158 కి.మీ. పొడవు గల ప్రాంతంలో భూగర్భ సర్వే జరిగింది. అందులో 67 రాగి నిక్షేపాల స్థానాలు బిందువులుగా, 146 లీనియమెంట్లు రేఖాఖండాలుగా నమోదయ్యాయి. ఉపగ్రహ చిత్రంలో నేల మీద తిన్నగా సాగే గుర్తులను లీనియమెంట్లు అంటారు. వీటిలో చాలావరకు భూగర్భ భ్రంశాలు, అంటే రాతిపొరలు విరిగి జరిగిన చోట్లు, అయి ఉంటాయని భావిస్తారు.

ఈ దత్తాంశం వెనుక ఉన్న ప్రశ్న ఖరీదైనది. నిక్షేపాన్ని కనుగొనాలంటే నేల తవ్వాలి. లీనియమెంట్‌ను చూడాలంటే ఉపగ్రహ చిత్రం చాలు. రాగి నిజంగా లీనియమెంట్ల పక్కనే ఉండేటట్లయితే, ఎక్కడ తవ్వాలో చిత్రమే చెబుతుంది. అట్లా లేకపోతే, చిత్రాన్ని నమ్మి తవ్విన ఖర్చంతా వృథా అవుతుంది.

ఈ ప్రశ్నను మార్క్ బెర్మన్ 1986లో ప్రచురించిన వ్యాసంలో సాంఖ్యక పరీక్షకు పెట్టాడు. తరువాత అనేకమంది ఇదే దత్తాంశాన్ని మళ్లీ మళ్లీ విశ్లేషించారు. ఆయన ఏమి కనుగొన్నాడో చెప్పుకునే ముందు పటాన్ని చూద్దాం.

3. పటంలోని సుగుణాలు

సాధారణంగా ఈ దత్తాంశాన్ని గీసే పద్ధతి ఇది. ముందు రేఖాఖండాలన్నింటినీ గీస్తారు. వాటి మీద నిక్షేపాలను చుక్కలుగా పెడతారు. చుట్టూ కిటికీ గీత ఉంటుంది.

ఈ పటాన్ని తీసిపారేయనక్కర లేదు. మొదటి చూపులోనే అది మూడు విషయాలు తెలుపుతుంది. లీనియమెంట్లు ప్రాంతమంతటా సమానంగా పరచుకొని లేవు, కొన్ని చోట్ల గుంపుగా ఉన్నాయి. నిక్షేపాలు కూడా అంతటా ఒకే విధంగా లేవు. దక్షిణార్ధంలో ఎక్కువ, ఉత్తరార్ధంలో తక్కువ. నమోదులో తప్పు జరిగి ఒక కొస నిరూపకం తారుమారైతే, పటాన్ని అడ్డంగా కోసే పొడవాటి గీతగా అది వెంటనే బయటపడుతుంది. పట్టికలోని సంఖ్యలను వరుసగా చదివి ఈ తప్పును పట్టుకోవడం కష్టం. దత్తాంశాన్ని తనిఖీ చేయడానికి ఈ పటానికి మించినది లేదు.

చిక్కు తరువాతి మెట్టులో వస్తుంది. పటాన్ని చూసినవారు 'చుక్కలు గీతల దగ్గరే ఉన్నాయి' అనేస్తారు. ఆ మాట అనడానికి ఈ పటం ఆధారం కాదు. కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

4. పటంలోని లోపాలు

4.1 నిలువు, అడ్డం కొలతలు

మామూలు 'ప్లాట్' ఆదేశంతో ఖాళీ చట్రం వేసి, దానిలో 'సెగ్మెంట్స్' గీస్తే, సాఫ్ట్‌వేర్ కాగితాన్ని నింపడానికి నిలువునూ అడ్డాన్నీ వేరువేరు కొలతలతో సాగదీస్తుంది. 158 కి.మీ. పొడవును, 70 కి.మీ. వెడల్పును ఒకే పరిమాణం గల చతురస్రంలో ఇరికిస్తే, నేల మీద 45 డిగ్రీలు వాలిన గీత కాగితం మీద సుమారు 24 డిగ్రీలు మాత్రమే వాలినట్లు కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రంలో పగుళ్ల దిశ ముఖ్యమైన సమాచారం. పటం ఆ దిశనే మార్చేసింది. దూరాలు కూడా చెడిపోతాయి. అడ్డంగా 5 కి.మీ. ఉన్న ఎడం, నిలువుగా 5 కి.మీ. ఉన్న ఎడం కంటే రెట్టింపుకు పైగా పెద్దదిగా కనిపిస్తుంది. 'పీఎస్‌పీ' వస్తువును గీసేటప్పుడు స్పాట్‌స్టాట్ రెండు వైపులా ఒకే కొలత పాటిస్తుంది. మామూలు ఆదేశం వాడేవారు ఆ నియమాన్ని తామే విధించుకోవాలి.

దిశ గురించి ఇంకొక మాట. ఖండానికి మొదటి కొస ఏది, రెండో కొస ఏది అన్నది నమోదు చేసినవారి చేతివాటం మాత్రమే. కాబట్టి 1 డిగ్రీ వాలిన గీత, 179 డిగ్రీలు వాలిన గీత దాదాపు సమాంతరాలు. వాటి కోణాలకు మామూలు సగటు తీస్తే 90 డిగ్రీలు వస్తుంది. అంటే రెండింటికీ అడ్డంగా ఉండే దిశ! ఇటువంటి కోణాలను రెట్టింపు చేసి, దిశల సగటు కట్టి, తిరిగి సగం చేయాలి.

4.2 గీతకు మందం, చుక్కకు వైశాల్యం

రేఖాగణితంలో రేఖకు మందం లేదు. కాగితం మీద ఉంటుంది. ఈ పాఠ్యపుస్తకం పేజీలో 158 కి.మీ. పొడవును సుమారు 16 సెం.మీ.లో గీశాం అనుకోండి. అప్పుడు 1 మి.మీ. సుమారు 1 కి.మీ.కు సమానం. అర మిల్లీమీటరు మందం గల గీత నేల మీద 500 మీటర్ల వెడల్పు పట్టీని కప్పేస్తుంది. 2 మి.మీ. వ్యాసం గల చుక్క 2 కి.మీ. వ్యాసం గల వృత్తాన్ని ఆక్రమిస్తుంది. చుక్క వ్యాసార్ధం, గీతలో సగం మందం కలిపితే 1.25 కి.మీ. అంతకు లోపు దూరంలో ఉన్న ప్రతి నిక్షేపమూ పటంలో గీతను తాకినట్లే కనిపిస్తుంది. కాలినడకన పావుగంట పట్టే దూరం పటంలో సున్నా అయిపోయింది. చుక్క పెద్దది చేస్తే 'సంబంధం' పెరుగుతుంది, చిన్నది చేస్తే తగ్గుతుంది. గీసేవారి ఇష్టాన్ని బట్టి మారే సంబంధాన్ని నిర్ధారణగా తీసుకోలేం.

4.3 కిటికీ అంచు

లీనియమెంట్లు సర్వే సరిహద్దు దగ్గర ఆగిపోవు. మన నమోదు ఆగిపోతుంది. అంచుకు 1 కి.మీ. లోపల ఉన్న నిక్షేపానికి, నమోదైన అతి దగ్గరి లీనియమెంట్ 5 కి.మీ. దూరంలో ఉండవచ్చు. అంచు దాటి 1 కి.మీ. వెళితే నమోదు కాని మరొకటి ఉండవచ్చు. అంచు దగ్గర తెగిన ఖండాల పొడవు కూడా నిజమైన పొడవు కాదు. కిటికీ గీత లేకుండా పటం గీస్తే చదువరికి ఈ అనుమానమే రాదు. స్పాట్‌స్టాట్‌లో కిటికీ ఇవ్వనిదే రేఖాఖండ వస్తువు తయారు కాదు. తొలిసారి వాడేవారికి ఇది విసుగు కలిగించే నియమమే గాని, దాని వెనుక ఉన్న ఆలోచన మెచ్చదగినది.

4.4 ఖండాల సంఖ్య

ఒక వంకర భ్రంశాన్ని పది ముక్కలుగా నమోదు చేయవచ్చు, ఇరవై ముక్కలుగానూ చేయవచ్చు. కొసలు కలిసి ఉంటాయి కనుక పటంలో రెండూ ఒకే గీతలా కనిపిస్తాయి. పట్టికలో మాత్రం ఒకచోట పది వరుసలు, మరొకచోట ఇరవై. కాబట్టి 'ఖండాల సంఖ్య', 'ఖండాల సగటు పొడవు' అనే కొలతలు నేల గురించి కంటే నమోదు పద్ధతి గురించే ఎక్కువ చెబుతాయి. ముక్కలు ఎన్ని చేసినా దాదాపుగా మారని కొలతలు రెండున్నాయి: మొత్తం పొడవు, ప్రతి స్థలం నుంచి అతి దగ్గరి గీతకు గల దూరం. విశ్లేషణ వీటి మీద ఆధారపడాలి.

4.5 ఖాళీ నేల

పై లోపాలన్నీ జాగ్రత్తగా గీస్తే తగ్గుతాయి. ఈ ఐదవది ఎంత జాగ్రత్తగా గీసినా పోదు. పటం చూసేటప్పుడు మన కన్ను గీత పక్కన ఉన్న చుక్కలను వెదుకుతుంది. గీత పక్కన చుక్క లేని నేలను లెక్కించదు.

ఒక ఊహా లెక్క వేద్దాం. ప్రాంత వైశాల్యం 70 × 158 = 11,060 చ.కి.మీ. రేఖాఖండాల మొత్తం పొడవు 1,000 కి.మీ. అనుకుందాం. ఇది వివరణ కోసం తీసుకున్న సంఖ్య మాత్రమే. ప్రతి గీతకూ ఇరువైపులా 2 కి.మీ. చొప్పున పట్టీ గీస్తే, పట్టీలు ఒకదానిమీద ఒకటి పడకుంటే, వాటి వైశాల్యం సుమారు 4,000 చ.కి.మీ. అది మొత్తంలో 36 శాతం. ఇప్పుడు 67 నిక్షేపాలను కళ్లు మూసుకొని పటం మీద చల్లండి. గీతలతో ఏ సంబంధమూ లేకున్నా, సగటున 24 నిక్షేపాలు గీతలకు 2 కి.మీ. లోపల పడతాయి. గీతల పక్కన 24 చుక్కలు చూసిన మనిషి 'సంబంధం ఉంది' అనక మానడు. నిజానికి అవి అక్కడ పడడానికి కారణం ఒక్కటే. గీతల దగ్గర నేల ఎక్కువగా ఉంది.

అంటే నిక్షేపాలు గీతలకు ఎంత దూరంలో ఉన్నాయన్న ప్రశ్న సగం ప్రశ్న మాత్రమే. ప్రాంతంలోని నేలంతా గీతలకు ఎంత దూరంలో ఉంది అన్నది మిగతా సగం. రెండింటినీ పోల్చినప్పుడే సమాధానం వస్తుంది. గీతలు, చుక్కలు మాత్రమే ఉన్న పటంలో రెండో సగానికి చోటు లేదు.

5. తగిన చిత్రం ఏది?

దారి ఉంది. స్పాట్‌స్టాట్‌లోని 'డిస్ట్‌మ్యాప్' ఆదేశం కిటికీని చిన్న చిన్న గడులుగా విభజించి, ప్రతి గడికీ అతి దగ్గరి రేఖాఖండం ఎంత దూరమో లెక్కిస్తుంది. గీతల దగ్గర ఒక రంగు, దూరం పెరిగేకొద్దీ మరొక రంగు వేస్తే దూర పటం తయారవుతుంది. మొదటి పటంలో తెల్లగా మిగిలిన నేల ఇందులో దత్తాంశంగా మారుతుంది. పటంలో మార్పు చిన్నదే, చదివే తీరులో మార్పు పెద్దది.

ఇక్కడా ఒక హెచ్చరిక. వేరుగా చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ కిటికీని 128 వరుసలు, 128 నిలువులుగా కోస్తుంది. మన ప్రాంతంలో ఒక్కో గడి ఒక వైపు సుమారు 0.55 కి.మీ., మరొక వైపు సుమారు 1.23 కి.మీ. అవుతుంది. అర కిలోమీటరు తేడా ముఖ్యమైన చోట ఈ గడి చాలా మొరటుది. గడి పరిమాణాన్ని మనమే చిన్నది చేయాలి, లేదా గడులతో పని లేకుండా దూరాన్ని నేరుగా లెక్కించే 'డిస్ట్‌ఫన్' వాడాలి.

దూర పటం తరువాత రెండు వక్రాలు గీయాలి. మొదటిది, ఒక్కో దూరం లోపల ఉన్న నేల ఎంత శాతమో చూపుతుంది. రెండోది, అదే దూరం లోపల ఉన్న నిక్షేపాలు ఎంత శాతమో చూపుతుంది. రెండు వక్రాలు కలిసి నడిస్తే దూరానికి, నిక్షేపాలకు సంబంధం ఉన్నట్లు ఆధారం లేదు. నిక్షేపాల వక్రం స్పష్టంగా పైన ఉంటే అవి గీతల దగ్గర చేరుతున్నాయి. ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చేంత చిన్నదా కాదా అన్నది పరీక్ష చెబుతుంది. బెర్మన్ రూపొందించిన పరీక్షలు కూడా స్పాట్‌స్టాట్‌లో ఆయన పేరుతోనే ఉన్నాయి.

క్వీన్స్‌లాండ్ దత్తాంశంలో నిక్షేపాలు ఎక్కువగా ఉన్న దక్షిణార్ధాన్ని బెర్మన్ పరీక్షించాడు. నిక్షేపాలు లీనియమెంట్ల దగ్గర చేరుతున్నాయనడానికి తగిన ఆధారం దొరకలేదు. కన్ను ఒప్పుకున్నదానిని లెక్క ఒప్పుకోలేదు.

6. పోలిక: మర్చిసన్ బంగారం

అయితే గీతలను ఎప్పుడూ నమ్మరాదా? అట్లా అనుకోవడం కూడా తొందరపాటే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ప్రాంతపు దత్తాంశం స్పాట్‌స్టాట్‌లోనే ఉంది. సుమారు 330 కి.మీ. × 400 కి.మీ. ప్రాంతంలో 255 బంగారు నిక్షేపాలు, భూగర్భ భ్రంశాలు నమోదయ్యాయి. పటం చూడడానికి రాగి పటం మాదిరే ఉంటుంది: గీతలు, వాటి మధ్య చుక్కలు.

లెక్క మాత్రం వేరే మాట చెప్పింది. బాడ్లీ, ఎగె రుబాక్, టర్నర్ కలిసి రాసి 2015లో ప్రచురించిన గ్రంథంలో, నిక్షేపాల సాంద్రత భ్రంశానికి గల దూరాన్ని బట్టి తగ్గుతుందనే నమూనాను ఈ దత్తాంశానికి అమర్చారు. ఆ నమూనా ప్రకారం భ్రంశం పక్కనే 100 చ.కి.మీ.కు సుమారు 1.3 నిక్షేపాలు ఉంటాయి. దూరం ఒక్కో కిలోమీటరు పెరిగినప్పుడల్లా సాంద్రత సుమారు 0.77 రెట్లు అవుతుంది. పది కిలోమీటర్లు వెళ్లేసరికి మొదటి విలువలో 8 శాతం కూడా మిగలదు. మొత్తం ప్రాంతపు సగటు 100 చ.కి.మీ.కు సుమారు 0.2 మాత్రమే కనుక, భ్రంశాల పక్కన సాంద్రత సగటుకు ఆరు రెట్లు దాటింది.

ఒకే తీరున కనిపించే రెండు పటాలు. ఒకదానిలో సంబంధం బలంగా ఉంది, రెండోదానిలో దానికి ఆధారం లేదు. రెండింటినీ వేరు చేసినది గీతల పటం కాదు, ఖాళీ నేలను కూడా లెక్కలోకి తీసుకున్న విశ్లేషణ. అయినా ఇది కారణాన్ని రుజువు చేయదు. రాయి బయటపడి ఉన్న చోట భ్రంశాలూ తేలికగా కనిపిస్తాయి, బంగారమూ తేలికగా దొరుకుతుంది. మట్టి కప్పిన చోట రెండూ కనిపించవు. సంబంధాన్ని కొలిచిన తరువాత ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి.

7. మన నేలకు ఈ పాఠం

ఈ చర్చ ఆస్ట్రేలియా గనులకే పరిమితం కాదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా భాగం గ్రానైటు, నీస్ వంటి గట్టి రాళ్ల నేల. అక్కడ భూగర్భ జలం ఎక్కువగా పైనున్న శిథిల పొరలోనూ, దాని కింది రాతి పగుళ్లలోనూ ఉంటుంది. అందుకే బోరు వేసే చోటును ఎంచుకోవడానికి ఉపగ్రహ చిత్రాల నుంచి గీసిన లీనియమెంట్ పటాలను వాడతారు. ఈ పద్ధతికి భూగర్భ శాస్త్రం మద్దతు ఉంది. అయితే 'నీళ్లు పడిన బోర్లన్నీ గీతల పక్కనే ఉన్నాయి' అనే పటాన్ని ఎవరైనా మీ ముందు పెడితే, మీరు మూడు ప్రశ్నలు అడగాలి. గీతల పక్కన వేసి ఎండిపోయిన బోర్లు పటంలో ఉన్నాయా? గీతలకు దూరంగా ఎన్ని బోర్లు వేసి చూశారు? ఆ పటంలో గీత మందం నేల మీద ఎన్ని మీటర్లు? ఒక గీతను నమ్మి అప్పు చేసి బోరు వేసే రైతుకు, అర మిల్లీమీటరు గీతలో ఏ అంచున తవ్వాలన్నది చిన్న విషయం కాదు.

8. సారాంశం

రేఖాఖండాల పటం దత్తాంశాన్ని తనిఖీ చేయడానికి, ప్రశ్నను రూపొందించుకోవడానికి ఉత్తమ సాధనం. దానిని గీసేటప్పుడు రెండు వైపులా ఒకే కొలత పాటించాలి, కిటికీ చూపాలి, గీత మందం నేల మీద ఎంతో లెక్కించి చెప్పాలి. ఖండాల సంఖ్యను నేల లక్షణంగా భావించరాదు. బిందువులకు, గీతలకు మధ్య సంబంధాన్ని నిర్ణయించాల్సి వచ్చినప్పుడు దూర పటం, రెండు వక్రాల పోలిక, సాంఖ్యక పరీక్ష అవసరం. చుక్కలు ఉన్న నేలతో పాటు చుక్కలు లేని నేలను కూడా చూపని పటం ఆ నిర్ణయానికి చాలదు.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రేఖాఖండ దత్తాంశంలో కిటికీని నమోదు చేయవలసిన అవసరం ఏమిటి?
2. రేఖాఖండాల కోణాలకు మామూలు సగటు ఎందుకు పనికిరాదు?

II. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్వీన్స్‌లాండ్ రాగి పటాన్ని, మర్చిసన్ బంగారు పటాన్ని పోల్చి, పటం చూసి చేసే నిర్ణయానికి గల పరిమితులను చర్చించండి.
2. 40 కి.మీ. × 25 కి.మీ. ప్రాంతంలో రేఖాఖండాల మొత్తం పొడవు 50 కి.మీ. గీతలకు ఇరువైపులా 1 కి.మీ. పట్టీలు ఒకదానిమీద ఒకటి పడవని భావించండి. ప్రాంతంలోని 30 బావులలో 4 బావులు ఈ పట్టీలలో ఉన్నాయి. ఏ సంబంధమూ లేకపోతే సగటున ఎన్ని బావులు పట్టీలలో ఉండాలో లెక్కించి, మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.